పాత లారీకి ‘వింటేజ్’ గుర్తింపు ఎందుకు దక్కదు?

బండి కనిపించకముందే, ఇంజిన్ మోత విని వచ్చేది టాటానా, లేలాండా అని చెప్పేయడం ఒకప్పుడు పెద్ద విద్య. మద్రాసు - కలకత్తా రహదారి పక్క ఊళ్లలో పెరిగిన పిల్లలు ఆ విద్యలో పందేలు కట్టుకునేవాళ్లు. తాటి బుర్రల బండి తోస్తూ నోటితోనే గేర్లు మార్చేవాళ్లు. అరిగిన హవాయి చెప్పును గుండ్రంగా కోసి రేకు డబ్బాకు చక్రాలు బిగించి, వెనకవైపు రెండేసి చొప్పున పెట్టేవాళ్లు. లారీకి వెనక జోడు టైర్లుంటాయి మరి. ఆ తరానికి ఇప్పుడు అరవై దాటుతున్నాయి. అప్పటి బండిని ఒకసారి చూద్దామంటే మాత్రం అంత తేలిగ్గా దొరకదు.

ఆ కాలం కార్ల సంగతి వేరు. తొలినాటి అంబాసిడర్లు, ఫియట్లు మెరుగు పెట్టుకుని ర్యాలీల్లో తిరుగుతున్నాయి. కోయంబత్తూరులో జీడీ కార్ మ్యూజియం ఉంది. హైదరాబాద్ వీధుల్లోనూ ఆదివారం పూట పాత కార్ల వరుసలు కనిపిస్తాయి. వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ దూరం తిరిగి, దేశానికి బియ్యం, సిమెంటు, ఉల్లిపాయలు మోసిన లారీలు ఆ వరుసల్లో దాదాపు కనిపించవు. ఇందుకు ఒక కారణం చట్టంలో ఉంది. అంతకంటే పెద్ద కారణం మన లారీ పుట్టిన తీరులోనే ఉంది.

యుద్ధం మిగిల్చిన బండ్లతో మొదలు

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన రోడ్ల మీద తిరిగిన లారీల్లో చాలావరకు అమెరికన్, బ్రిటిష్ బండ్లే. షెవర్లే, ఫోర్డ్, డాడ్జ్, బెడ్‌ఫోర్డ్. వాటిలో రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్నవీ ఉన్నాయి. ఎక్కువ భాగం పెట్రోలు ఇంజిన్లు. కిరాయి డబ్బులు ఇంధనానికే సరిపోయే రోజుల్లో డీజిల్ ఇంజిన్ రావడంతో లెక్క మారిపోయింది. మద్రాసులో సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ డీజిల్ ఇంజిన్లు తయారు చేయడం మొదలుపెట్టాక, పాత పెట్రోలు లారీల్లో ఇంజిన్ పీకేసి ‘పీ6’ బిగించుకోవడం మామూలైంది. అంటే మన లారీకి గుండె మార్పిడి ఆదినుంచీ అలవాటే. ఈ విషయం గుర్తుంచుకోవాలి, దీనితో మళ్లీ పని పడుతుంది.

1945లో రైలింజిన్ల కోసం జంషెడ్‌పూర్‌లో మొదలైన టెల్కో, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుని లారీలు తయారు చేసింది. ముందు పొడుచుకొచ్చిన ముక్కు, దాని మీద మూడు కొమ్మల నక్షత్రం. జనం దాన్ని టాటా అనలేదు, ‘బెంజి లారీ’ అన్నారు. విజయవాడ బెంజి సర్కిల్ పేరు కూడా ఆ నాటి బెంజి కంపెనీ వల్లే వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. 1969లో ఒప్పందం ముగిసింది. నక్షత్రం పోయి, ఆ చోట ‘టీ’ అక్షరం వచ్చింది. బండి మాత్రం దాదాపు అదే. కొత్త గుర్తు చూసి పెదవి విరిచిన డ్రైవర్లు కూడా బానెట్ ఎత్తి చూశాక కుదుటపడ్డారు.

దక్షిణాదిన దాని పోటీదారు అశోక్ లేలాండ్. 1948లో మద్రాసు దగ్గర ఎన్నూరులో ఆస్టిన్ కార్లు బిగించడానికి పుట్టిన అశోక్ మోటార్స్, బ్రిటన్ లేలాండ్‌తో చేతులు కలిపి 1955లో అశోక్ లేలాండ్ అయింది. దాని ‘కామెట్’ లారీని చూడని ఊరు దక్షిణాదిలో ఉండి ఉండదు. ఆ తర్వాత బీవర్, హిప్పో, టస్కర్, టారస్ వచ్చాయి. జంతువుల పేర్లు పెట్టడంలో లేలాండ్ వాళ్లది ఒక పిచ్చి. ఇవి కాక బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ల డాడ్జ్, ఫార్గో, బెంగాల్ ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల బెడ్‌ఫోర్డ్. సైన్యానికి వేరేగా, జర్మనీ మ్యాన్ నమూనాలో తయారైన శక్తిమాన్.

టాటా బండికి పేరు ఉండదు, అంకె ఉంటుంది. అందులోనే దాని జాతకం. 1210 అంటే మొత్తం బరువు పన్నెండు టన్నులు, ఇంజిన్ శక్తి సుమారు వంద హార్స్‌పవర్. 1613 అంటే పదహారు టన్నులు, నూట ముప్పై. 1986లో వచ్చిన 407కూ అదే సూత్రం. ఎక్కాలు రాని కుర్రాళ్లు కూడా ఈ లెక్క తడుముకోకుండా చెప్పేవాళ్లు.

చెవితో నేర్చుకునే పని

పాత లారీ మీద మోజుకు మూలం దాని అందం ఒక్కటే కాదు. అది అంత సులువుగా లొంగేది కాదు. ఇప్పటి గేరుబాక్సుల్లో పళ్ల చక్రాల వేగాన్ని సమం చేసే ఏర్పాటు లోపలే ఉంటుంది. అప్పటి చాలా బండ్లలో అది ఉండేది కాదు. గేరు తగ్గించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ ఒక్కసారి అదిలించాలి, ఇంజిన్ మోత సరైన స్థాయికి చేరిందని చెవికి తెలిశాక మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. లెక్క తప్పితే పళ్లు గరగరమంటాయి, రోడ్డు పక్క టీ కొట్టు మొత్తం తలతిప్పి చూస్తుంది. ఘాట్ రోడ్డులో, నిండు లోడుతో తప్పితే పరువుతో ఆగదు. పవర్ స్టీరింగ్ లేని ఆ బండ్లలో మలుపు తిప్పడానికి డ్రైవర్ సీట్లోంచి సగం లేవాల్సి వచ్చేది.

ఈ విద్యకు బడి క్లీనర్ పని. పద్నాలుగు, పదిహేనేళ్లకే ఇంట్లోంచి పారిపోయి లారీ ఎక్కిన కుర్రాళ్ల కథ ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉంటుంది. ఇనుప రాడ్డుతో టైరు మీద కొట్టి, శబ్దాన్ని బట్టి గాలి తగ్గిందో లేదో చెప్పాలి. జోడు టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి తీయాలి. ఎత్తు మీద బండి ఆగితే చెక్క దిమ్మతో దూకి చక్రం కింద పెట్టాలి. టార్పాలిన్ కట్టాలి, రాత్రి లోడు మీద పడుకోవాలి. కొన్నేళ్ల తర్వాత, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద, డ్రైవర్ ‘అన్న’ మనసు బాగుంటే, స్టీరింగ్ చేతికొచ్చేది. రవాణా వాహనం నడపడానికి చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు నిండాలి. ఆ నిబంధన తెలిసినవాళ్లు తక్కువ, పాటించినవాళ్లు ఇంకా తక్కువ.

అయినా ఎందుకెళ్లారంటే, చదువు లేని కుర్రాడికి ఆ రోజుల్లో కనిపించిన అరుదైన నిచ్చెన అది. క్లీనర్ డ్రైవరవుతాడు, డ్రైవర్ పాత బండి ఒకటి కొని ఓనరవుతాడు. అందరూ ఆ మెట్టు ఎక్కలేదు కానీ, ఎక్కినవాళ్లు కళ్లముందే ఉండేవాళ్లు. 1975లో నేషనల్ పర్మిట్ పద్ధతి వచ్చాక ఏలూరు లారీ గువాహటి దాకా వెళ్లే రోజులొచ్చాయి. సినిమా ఆ మోజుకు మరింత రంగు పూసింది. 1979లో ఎన్టీఆర్ ‘డ్రైవర్ రాముడు’, 1990లో బాలకృష్ణ ‘లారీ డ్రైవర్’ ఆ ఊపులో వచ్చినవే.

సగం కంపెనీది, సగం వడ్రంగిది

అసలు చిక్కు ఇక్కడుంది. అప్పట్లో లారీ కొంటే కంపెనీ పూర్తి బండి ఇచ్చేది కాదు. చాసిస్, ఇంజిన్, చక్రాలు, ముందున్న రేకు ముఖం, స్టీరింగ్, అంతే. క్యాబిన్ లేని ఆ చాసిస్‌ను జంషెడ్‌పూర్ నుంచో, ఎన్నూరు నుంచో వందల కిలోమీటర్లు తోలుకొచ్చేవాళ్లు. తలకు గుడ్డ చుట్టుకుని, ఎండకు, వానకు ముఖం అప్పగించి కూర్చున్న ఆ డ్రైవర్లు జాతీయ రహదారుల మీద నిత్యం కనిపించే దృశ్యం.

ఆ చాసిస్ నేరుగా విజయవాడ ఆటోనగర్‌కో, తమిళనాడులో నామక్కల్, తిరుచెంగోడులకో, పంజాబ్‌లో సర్హింద్‌కో చేరేది. అక్కడ వడ్రంగులు గట్టి కలపతో క్యాబిన్ కట్టేవాళ్లు, కమ్మరులు ఇనుప పట్టీలు బిగించేవాళ్లు, పెయింటర్ పువ్వులు, నెమళ్లు, వెంకన్న నామాలు వేసి, వెనక ‘నన్ను చూసి ఏడవకురా’ అని రాసేవాడు. మనకు గుర్తున్న లారీ ముఖం చాలావరకు వీళ్లు చేసిందే. ఇంజిన్ జర్మనీ నమూనా కావచ్చు, బండి మాత్రం ఆటోనగర్‌ది. ఒకే 1210 నామక్కల్‌లో ఒకలా, పంజాబ్‌లో మరోలా తయారైంది.

సరిహద్దుకు అటువైపూ ఇదే కథ. పాకిస్తాన్‌లో కరాచీలో బిగించిన బెడ్‌ఫోర్డ్ లారీలకు ‘రాకెట్’ అని ముద్దుపేరు. వాటి మీద అక్కడి కళాకారులు వేసిన చిత్రాలు ప్రపంచ ప్రసిద్ధమయ్యాయి. బ్రిటన్‌లో బెడ్‌ఫోర్డ్ లారీల శకం ముగిసిన చాలాకాలం తర్వాత కూడా అవి అక్కడ నడిచాయి. తేడా ఏమిటంటే, వాళ్ల లారీని కళగా చూసి ప్రదర్శనలకు పిలిచారు. మన లారీ పెయింటర్‌కు ఆ యోగం పట్టలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. కేంద్రం 2021 జులైలో వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటాలి, అసలు రూపం చెడకూడదు, పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదు. అర్హత ఉన్నవాటికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు, ఇరవై వేల రూపాయల రుసుము. అయితే ఆ నిర్వచనం రెండు, నాలుగు చక్రాల వాహనాలకు. మామూలు లారీకి లెక్కపెడితే ఆరు.

పోనీ చక్రాల మాట పక్కన పెట్టినా, ‘అసలు రూపం’ అనే షరతు దగ్గర లారీ ఆగిపోతుంది. ఏది దాని అసలు రూపం? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున దానికి క్యాబినే లేదు. తర్వాత కట్టిన చెక్క క్యాబిన్ పుచ్చిపోతే మళ్లీ కట్టారు. ఇంజిన్ మార్చారు, కమాను కట్టలు పెంచారు, చాసిస్‌కు అతుకు వేశారు. గ్యారేజీలో కవరు కింద పడుకున్న కారుకు సరిపోయే కొలబద్ద ఇది. యాభై ఏళ్లు కూలి చేసి బతికిన బండిని దీనితో కొలిస్తే ఒక్కటీ నిలవదు. సంపన్నుల అభిరుచికి చట్టంలో తలుపు తెరిచి, పనిముట్టు చరిత్రకు కిటికీ కూడా పెట్టకపోవడం న్యాయం కాదు. బ్రిటన్‌లో పాత లారీలకు సొంత క్లబ్బులున్నాయి, ఏటా ఊరేగింపులున్నాయి. అక్కడి చట్టం పాత సరకు వాహనాన్ని కూడా చారిత్రక వాహనంగా గుర్తిస్తుంది.

పాత లారీలు రోడ్ల మీద కిరాయికి తిరగాలని కాదు ఈ మాట. చెక్క క్యాబిన్ ఢీకొంటే అగ్గిపెట్టెలా నలిగేది. పక్కనే ఇంజిన్ పెట్టుకుని మే నెలలో ఒంగోలు దాటడం ఎలా ఉంటుందో తోలినవాడికే తెలుసు. ఆ డ్రైవర్లకు నడుము నొప్పి, చెవుడు మిగిలాయి. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అయింది. అది ఎప్పుడో రావాల్సింది. చిత్రమేమిటంటే, బండి ఇంత సుఖంగా మారాక డ్రైవర్లు దొరకడం లేదని ఓనర్లు వాపోతున్నారు. క్లీనర్ అనే మెట్టు చాలా బండ్లలో పోయింది. కొత్త బండి ధర చూస్తే డ్రైవర్ ఓనరయ్యే దారీ ఇరుకైంది. అలాంటప్పుడు కొడుకును స్టీరింగ్ దగ్గరికి పంపే డ్రైవర్ ఎక్కడుంటాడు?

మోజు మాత్రం పూర్తిగా చావలేదు, వేరే రూపం తీసుకుంది. కేరళ, తమిళనాడు కుర్రాళ్లు ఫోమ్ షీట్లతో, ప్లైవుడ్‌తో లారీ బొమ్మలు చేసి వీడియోలు పెడుతున్నారు. దిష్టి నిమ్మకాయలు, కుచ్చుల దారాలు, జోడు టైర్ల మధ్య సందు దాకా అన్నీ ఉంటాయి వాటిలో.

నిజమైన బండ్లలో మిగిలినవి ఎక్కువగా రోడ్డు అవసరం లేని చోట ఉన్నాయి. క్వారీల్లో, ఇటుక బట్టీల దగ్గర, తోటల్లో నీళ్ల ట్యాంకర్లుగా. 2021లో తుక్కు విధానం వచ్చి, మరుసటి ఏడాది పాత భారీ వాహనాల ఫిట్‌నెస్ రుసుము బాగా పెరిగాక, మిగతావి ఒక్కొక్కటీ తుక్కుకు చేరుతున్నాయి. అక్కడ బెంజి లారీ ముందుభాగాన్ని గ్యాస్ కట్టర్‌తో మూడు ముక్కలు చేసి, మిగతా ఇనుముతో కలిపే తూకం వేస్తారు.