నెల్లూరు గాలిని తట్టుకునే నగల బీరువా

గాజులు, కమ్మలు, గొలుసులు, చేతి గడియారాలు, కళ్లద్దాలు, సెంటు సీసాలు ఒకేచోట అమరేలా కొలిచి చేయించే చెక్క బీరువా పెద్ద సామానేమీ కాదు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, పదిహేను అంగుళాల లోతు ఉంటే ఒక కుటుంబానికి సరిపోతుంది. కానీ మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, తుమ్మలపెంట వంటి నెల్లూరు తీర గ్రామాల్లో దీన్ని చేయించడానికి కొంచెం ముందుచూపు కావాలి. మే నెలలో పడమటి గాలి వీస్తే చెక్క ఎండి కుంచించుకుపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు కురిస్తే అదే చెక్క తేమ తాగి ఉబ్బుతుంది. జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా పడేది ఆ మూడు నెలల్లోనే. వీటికి తోడు గాలిలో ఉప్పు ఏడాది పొడవునా ఉంటుంది. బీరువా అందంగా ఉందా లేదా అన్నది వడ్రంగి పని ముగిసిన రోజే తెలుస్తుంది. బాగుందా లేదా అన్నది తెలిసేది మాత్రం రెండు కార్తీకాలు గడిచాకే.

పని మొదలయ్యేది చెక్కతో కాదు, లోపల పెట్టే వస్తువుల కొలతలతో. గాజుల సైజులు అంగుళాన్ని పదహారు భాగాలు చేసి చెప్పే లెక్కలో ఉంటాయి. ‘రెండు ఆరు’ అంటే లోపలి వ్యాసం రెండంగుళాల మీద ఆరు పదహారో వంతులు, సుమారు 60 మిల్లీమీటర్లు. ‘రెండు ఎనిమిది’ అంటే రెండున్నర అంగుళాలు, సుమారు 64 మిల్లీమీటర్లు. కడ్డీకి గుచ్చిన గాజులు కడ్డీ నుంచి కిందికి వేలాడతాయి కాబట్టి ఆ సొరుగుకు లోపలి ఎత్తు మూడున్నర అంగుళాలైనా ఉండాలి. కమ్మలకు, ఉంగరాలకు అంగుళంన్నర ఎత్తు చాలు. వడ్డాణాన్ని మడవకూడదు, అది గుండ్రంగా పడుకోవాలంటే ఒక సొరుగు ముందు నుంచి వెనక్కి పన్నెండు అంగుళాలకు పైగా ఉండాలి. హారాలు, కాసులపేర్లు చిక్కుపడకుండా ఉండాలంటే తలుపు లోపలి వైపు కొక్కేలకు తగిలించడమే మేలు. అందుకోసం తలుపుకూ సొరుగులకూ మధ్య రెండంగుళాల ఖాళీ వదలాలి. వస్తువులన్నీ ఒక దుప్పటి మీద పరిచి, గుంపులుగా చేసి, కొలిచి కాగితం మీద రాసుకుంటే వడ్రంగికి సగం పని తేలికవుతుంది. కొలవకుండా చేయించిన బీరువాలో ఒక సొరుగు ఖాళీగా, మరొకటి మూత పడకుండా మిగులుతాయి.

ఇక కలప. తీరంలో కంటికి ఎక్కువగా కనబడేవి సరుగుడు తోటలు. కాని సరుగుడు ఆరేటప్పుడు విపరీతంగా పగులుతుంది, మెలి తిరుగుతుంది. పందిళ్లకు, పొయ్యికి తప్ప సొరుగులకు పనికిరాదు. తుమ్మ గట్టిది, బరువైనది, నునుపు తేల్చడానికి శ్రమ ఎక్కువ. వేపకు పురుగు త్వరగా పట్టదు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. బాగా ఆరిన వేప చేవ దొరికితే లోపలి అరలకు వాడవచ్చు. జిల్లా పడమటి కొండల్లో పెరిగే ఎర్రచందనం మీద మాత్రం ఆశ పెట్టుకోకూడదు. అడవిలో దాన్ని నరకడం నేరం, అంతర్జాతీయ వ్యాపారం మీదా సైటీస్ ఒప్పందం కింద నియంత్రణ ఉంది. కాగితాలు లేకుండా ఎవరు అమ్మజూపినా కొనకూడదు.

అన్నీ చూసుకుంటే టేకే సరైనది. దాని చేవలో సహజమైన నూనె ఉంటుంది. చెదలు దాని జోలికి అంతగా రావు, తేమకు పెద్దగా మెలి తిరగదు. అడితీలో కొనేటప్పుడు చూడవలసింది రంగు ఒక్కటే కాదు. పలక అంచున పాలిపోయినట్టు కనిపించే భాగం చేవ కాదు, పిండి పురుగు ముందు చేరేది అక్కడే. దాన్ని కోయించి తీసేయాలి. పూర్తిగా టేకుతో ఖర్చు భరించలేనివారు పైచట్రం, తలుపు, సొరుగుల ముఖాలు టేకుతో పెట్టించి, పక్కలకూ వెనకకూ ప్లైవుడ్ వాడతారు. ఇది తక్కువ పనేమీ కాదు. అయితే ఆ ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి. మెరైన్ ప్లైకి భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన సంఖ్య అది. ఎండీఎఫ్ చెక్క తేమకు అంచుల దగ్గర ఉబ్బి తిరిగి మామూలు కాదు, కాబట్టి తీరంలో దాన్ని వాడకపోవడమే మంచిది.

తేమ సంగతి వివరంగా చెప్పుకోవాలి, ఎక్కువ బీరువాలు చెడేది ఇక్కడే. చెక్క నారు వెంబడి పొడవుగా దాదాపు పెరగదు, తగ్గదు. అడ్డంగా మాత్రం పెరుగుతుంది, తగ్గుతుంది. అందులోనూ పెరుగుదల వలయాల వెంట వచ్చే మార్పు, వాటికి అడ్డంగా వచ్చే మార్పు కంటే ఇంచుమించు రెట్టింపు. పది అంగుళాల వెడల్పున్న టేకు పలకలో తేమ నాలుగు శాతం మారితే వెడల్పు రెండు మిల్లీమీటర్ల దాకా మారవచ్చు. మే నెలలో గట్టిగా, సందు లేకుండా బిగించిన సొరుగు నవంబరులో ఇరుక్కుపోవడానికి కారణం ఇదే. అప్పుడు సొరుగును చిత్రిక పడితే మళ్లీ మేలో వదులై గలగలలాడుతుంది. అందుకే ఎండాకాలంలో చేసే సొరుగుకు పక్కలా, పైనా రెండు మిల్లీమీటర్ల సందు వదలాలి. వానల్లో చేస్తే అంతకు తక్కువ చాలు. పచ్చి పలకను గాలికి ఆరబెట్టాలంటే అంగుళం మందానికి ఏడాది పడుతుందన్నది వడ్రంగుల పాత లెక్క. సామిల్లులో కోయించిన వెంటనే పని మొదలుపెట్టమని తొందరపెట్టకూడదు. కోసిన పలకల మధ్య పుల్లలు పెట్టి, నీడలో పేర్చి, బీరువా ఉండబోయే ఇంట్లోనే కొన్ని వారాలు ఉంచితే అవి ఆ ఇంటి గాలికి అలవాటు పడతాయి.

తలుపుకు ఒకే వెడల్పాటి పలక వాడకుండా చట్రం చేసి, దాని గాడిలో పలకను బిగించడం పాత పద్ధతి. గాడిలో పలకకు జిగురు పెట్టరు. అది ఉబ్బినా, తగ్గినా చట్రం చెదరదు. చట్రం మూలల్లో కుసి, దాన్ని పట్టే గూడు కచ్చితంగా ఉంటే మేకు అవసరమే రాదు. సొరుగుల మూలలకు డవ్‌టెయిల్ జాయింటు మంచిది, రోజుకు పదిసార్లు లాగినా ఊడదు. టేకులోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు కాబట్టి అతికే చోట అప్పటికప్పుడు చిత్రిక పట్టి, వెంటనే తేమను తట్టుకునే జిగురు రాయాలి.

ఉప్పుగాలి ముందుగా తినేది చెక్కను కాదు, ఇనుమును. జింకు పూత మరల మీద ఏడాది తిరగకముందే తుప్పు కనబడుతుంది. తుమ్మలాంటి చెక్కలోని టానిన్‌కు ఇనుము తగిలితే నల్లటి మరక కూడా పడుతుంది. పాత భోషాణాలకు, నగల పెట్టెలకు ఇత్తడి బందులు, ఇత్తడి కప్పులు బిగించడంలో అందమొక్కటే కారణం కాదు. ఇప్పుడైతే ఇత్తడి లేదా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడవచ్చు. 316లో కలిపే మాలిబ్డినం ఉప్పుకు తట్టుకునే గుణాన్నిస్తుంది. సొరుగులకు స్టీలు చానెళ్లు మానేసి, గట్టి చెక్క పట్టీల మీద జారేలా చేయించి, ఆ పట్టీలకు అప్పుడప్పుడు మైనం రుద్దితే చాలు. పిడులకు చిన్న చెక్కపని కావాలనుకుంటే జిల్లాలోనే ఉదయగిరి ఉంది. అక్కడి చెక్క చెంచాలు, గరిటెలు భౌగోళిక గుర్తింపు పొందాయి. ఇలాంటి పని కోసం ఆ పనివారి దగ్గరికి వెళ్లడం మంచి ఆలోచన, వారి చేతికి అది కొత్త ఆదాయం కూడా.

సొరుగు లోపలి గుడ్డ ఎంపికకు ఎవరూ అంత ఆలోచించరు. కాని వెండి నల్లబడేది గంధకం వల్ల. ఉన్ని ఫెల్టు, రబ్బరు గంధకాన్ని వదులుతాయి, అందుచేత వెండి సొరుగులో ఉతికిన నూలు గుడ్డే పరచాలి. చెక్క కూడా ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది. యూరప్ మ్యూజియాల్లో ఓక్ చెక్క సొరుగుల్లో భద్రపరిచిన గవ్వలు, శంఖాలు తెల్లటి పొడి పట్టి పాడయ్యాయి. ముత్యం కూడా గవ్వ పదార్థమే కాబట్టి దాన్ని వట్టి చెక్కకు తగలకుండా మెత్తటి గుడ్డలో చుట్టి ఉంచాలి. వజ్రం అన్నిటినీ గీస్తుంది, ముత్యాన్ని దాదాపు ఏదైనా గీస్తుంది. ఆ రెంటికీ వేర్వేరు అరలు తప్పనిసరి. గిల్టు నగలను వెండితో కలపకూడదు. కలరా ఉండలు నగల సొరుగుల్లో అసలు వేయకూడదు.

పైపూతగా లక్క పాలిష్ చూడముచ్చటగా ఉంటుంది. కాని లక్క స్పిరిటులో కరుగుతుంది, సెంటులోనూ ఉండేది ఆల్కహాలే. సీసా ఒలికితే పాలిష్ లేచిపోతుంది. సెంటు సీసాలు పెట్టే అరకూ, బీరువా పైభాగానికీ పీయూ (పాలీయురథేన్) పూత వేయించి, మిగతా చోట్ల లక్క ఉంచుకోవచ్చు. పూత కనిపించని వెనకవైపుకూ, అడుగుకూ కూడా వేయాలి. ఒకవైపే వేస్తే రెండో వైపు తేమ తాగి పలక వంగుతుంది.

పూత పూర్తయ్యాక తలుపులు, సొరుగులు తెరిచి రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. ఆవిర్లు పోయాకే నగలు సర్దాలి. బీరువాకు నాలుగంగుళాల కాళ్లుండాలి, గోడకు రెండంగుళాల దూరం ఉండాలి, సముద్రం వైపు కిటికీ ఎదుట ఉండకూడదు. వానాకాలంలో ప్రతి సొరుగులో ఒక సిలికా జెల్ పొట్లం ఉంచితే తేమను పీల్చుకుంటుంది. నీలి గింజలు గులాబీ రంగుకు మారితే అవి నిండినట్టు. గాజు పళ్లెంలో పోసి 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్లీ నీలంగా మారి పనికొస్తాయి.