ఆ ముప్పై సెకన్లు తప్పితే... ఇరవై ఒక్క రోజులు పాయె!

భువనగిరి చుట్టుపక్కల పల్లెల్లో పొద్దున్నే ఆవు ఒకటే అరుస్తుంటే ఇంట్లో పెద్దోళ్లకు వెంటనే తెలిసిపోతుంది... ఎదకొచ్చిందని! గోపాలమిత్రకు ఫోన్ పోతుంది. ఆయన బండి మీద తెచ్చిన డబ్బా మూత తీయగానే తెల్లటి పొగలు. అందులోంచి అగ్గిపుల్లంత సన్నని స్ట్రా బయటికొస్తుంది. ‘సూది వేయించాం’ అంటాం కానీ, ఆ స్ట్రాలో ఉండేది మేలుజాతి ఆబోతు వీర్యం.

పావు మిల్లీలీటరు స్ట్రాలో దాదాపు 2 కోట్ల వీర్యకణాలుంటాయి. మన రాష్ట్రంలో కరీంనగర్‌లోని ఘనీకృత వీర్య కేంద్రంలో ఇలాంటి స్ట్రాలు తయారవుతాయి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో మునిగి ఉన్నంతకాలం, ఏళ్లు గడిచినా పాడవవు.

గడ్డకడితే చావవా?

మామూలుగా అయితే చస్తాయి. కణంలోని నీరు మంచు పలుకులుగా మారి దాన్ని చీల్చేస్తుంది. అందుకే ముందుగా వీర్యంలో గ్లిజరాల్, గుడ్డు పచ్చసొన కలుపుతారు. గ్లిజరాల్ మంచు పలుకులను అదుపు చేస్తుంది. పచ్చసొన చలిదెబ్బ నుంచి కణం పైపొరను కాపాడుతుంది.

ఈ గ్లిజరాల్ మహిమ పొరపాటున బయటపడింది తెలుసా? లండన్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే శాస్త్రవేత్తలు కోడిపుంజు వీర్యంతో ప్రయోగాలు చేస్తుంటే, ఓ సీసా మాత్రం అద్భుతంగా పనిచేసింది. తీరా చూస్తే చక్కెర ద్రావణం అనుకున్న దాంట్లో ఉన్నది గ్లిజరాల్! 1949లో ఆ సంగతి ప్రపంచానికి చెప్పారు.

చెడేది ఎక్కడ?

ఇంత కష్టపడి కాపాడింది చివరి నిమిషంలో పోవచ్చు. కావలసిన స్ట్రా కోసం మిగతావాటిని డబ్బా మూతి పైకి లేపి వెతుకుతుంటే అవన్నీ కొంచెం వేడెక్కి, మళ్లీ గడ్డకడతాయి. అలా జరిగిన ప్రతిసారీ కొన్ని కణాలు పోతాయి. మన ఎండల్లో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. పైకి మాత్రం స్ట్రా కొత్తదానిలాగే కనిపిస్తుంది.

ఇక కరిగించడం. 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. అరచేతిలో రుద్దడం, చొక్కా జేబులో పెట్టుకోవడం పనికిరావు. నీళ్లలోంచి తీశాక తుడిచి ఆరబెట్టాలి, ఎందుకంటే ఒక్క నీటిచుక్క తగిలినా వీర్యకణాలకు హాని. కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు.

చూడి నిలవకపోతే ఆవు మళ్లీ ఎదకు రావడానికి 21 రోజులు. అప్పటిదాకా మేత ఖర్చు మనదే, దూడా పాలూ అన్ని రోజులు వెనక్కే. తప్పంతా స్ట్రాదే అనలేం. ఎద టైం చూడకపోయినా, మేత సరిపోకపోయినా ఇదే జరుగుతుంది. బర్రెల్లో అయితే మూగ ఎద, అరవనే అరవవు.

మీరేం చేయొచ్చు?

ఎద కనిపించిన టైం ఫోన్‌లో రాసుకోండి. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించాలి. నీడలో గోరువెచ్చని నీళ్లు, ఓ థర్మామీటరు రెడీగా పెట్టండి. స్ట్రా మీద ఆబోతు నంబరు, తేదీ ఉంటాయి, ఫొటో తీసుకోండి. ‘నీళ్లెంత వేడున్నయ్ అన్నా?’ అని మర్యాదగా అడగండి. పని తెలిసినవాడు ఏమీ అనుకోడు, థర్మామీటరే చూపిస్తాడు.