గేర్ల సైకిల్‌పై గుట్టబాట... ఎక్కడం సరే, దిగడం వచ్చా?

మీ ఇంట్లో గేర్ల సైకిల్ ఉందా? పిల్లాడు పట్టుబట్టి కొనిపించుకున్నదో, బరువు తగ్గాలని మీరే తెచ్చుకున్నదో! చాలా ఇళ్లలో అది ట్యూషన్‌కో, పాల ప్యాకెట్‌కో తప్ప గడప దాటదు. ఒకసారి దాన్ని పరీక్షగా చూడండి. లావు టైర్లు, వాటి మీద లోతైన గాట్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, వెనక చక్రానికి చిన్నవీ పెద్దవీ పళ్లచక్రాలు. తారురోడ్డుకు ఇవన్నీ అక్కర్లేదు. రాళ్లబాట, గుట్టబాట కోసం చేసిన మౌంటెన్ బైక్‌కు ఉండే హంగులివి.

అలాంటి బాటలకు కర్నూలు జిల్లా పడమటి వైపు కొదవ లేదు. కృష్ణగిరి మండలంలోకి వెళ్తే ఎర్రనేల, నల్లరేగడి, పొలాలకు పోయే బండిదారులు, గొర్రెలు నడిచి నడిచి పడిన కాలిబాటలు. ఆదోని చుట్టూ గుండ్లు పేర్చినట్టుండే కొండలు. ఇవేవీ సైకిళ్ల కోసం వేసినవి కావు. మలుపు దగ్గర హెచ్చరిక బోర్డు ఉండదు, అంచున కంచె ఉండదు. కాబట్టి ఒక్క మాట గుర్తుపెట్టుకుని బయల్దేరండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, దిగేటప్పుడు దెబ్బలు తగులుతాయి. మనలో చాలామంది ఎక్కడానికే సిద్ధమై వెళ్తారు.

పుట్టిందే దిగుడుబాటలో

ఈ ఆట పుట్టుక కూడా ఇదే చెబుతుంది. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాత బరువైన సైకిళ్లను కొండ మీదికి చేర్చి మట్టిబాటలో కిందికి దూసుకొచ్చేవారు. 1976లో ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర పందేలు మొదలుపెట్టారు. 3 కిలోమీటర్లకు కాస్త పైబడిన ఆ బాటలో దాదాపు 400 మీటర్ల ఎత్తు నుంచి దిగాలి. ఆ సైకిళ్లకు పెడల్‌ను వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. కిందికి చేరేసరికి అది మరిగిపోయి, చక్రం మధ్యలోని గ్రీజు పొగలు కక్కేది. ఆ తర్వాత విప్పి మళ్లీ గ్రీజు కూరాల్సిందే. అందుకే ఆ బాటకు ‘రీప్యాక్’ అనే పేరొచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఇది పతకాల ఆట అయింది. బ్రేకులు చాలా మెరుగుపడ్డాయి. వాలు మాత్రం వాలే!

ఒంటికి ఏం మేలు?

పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకైతే రోజుకు సగటున 60 నిమిషాలు ఉండాలి. గుట్టబాటలో సైకిల్ తొక్కితే ఈ రెండు రకాల వ్యాయామమూ కలిసి వస్తుంది. చదునులో తొక్కుతూ మాట్లాడగలుగుతారు, అది ఓ మోస్తరు. ఎగువకు తొక్కేటప్పుడు నాలుగు మాటలకే ఊపిరి అందదు, అది గట్టిది. గుండె, ఊపిరితిత్తులు బలపడతాయి. కండరాలు చక్కెరను బాగా వాడుకుంటాయి. బరువులో ఎక్కువ భాగం సీటు మీదే ఉంటుంది కాబట్టి పరుగుతో పోలిస్తే మోకాళ్ల మీద భారం తక్కువ. ఎగుడుదిగుళ్లలో నిలదొక్కుకోవడానికి నడుము, పొట్ట కండరాలు కూడా పనిచేస్తాయి.

ఒక లోటు మాత్రం ఉంది. ఎముకలు గట్టిపడటానికి సైకిల్ ఒక్కటే చాలదు. నడక, మెట్లు ఎక్కడం వంటివి మానకండి.

ఎక్కేటప్పుడు...

ముందు సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ పూర్తిగా కిందికి ఉన్నప్పుడు మడమ దాని మీద ఆనిస్తే కాలు తిన్నగా చాపినట్టుండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు భాగంలో నొప్పి మొదలవుతుంది. ఎగువ రాకముందే తేలిక గేరుకు మారండి. సగం ఎక్కాక మారిస్తే చైన్ జారొచ్చు. బలంగా, నెమ్మదిగా కాకుండా, తేలిగ్గా, చకచకా తొక్కడమే మోకాళ్లకు మంచిది.

దిగేటప్పుడు...

పైకి చేరగానే ఆగండి. నీళ్లు తాగండి. కాళ్లు వణుకుతుంటే వణుకు తగ్గే దాకా కూర్చోండి. అలసిన చేతులకు బ్రేకు మీద పట్టు దొరకదు. రెండు బ్రేకులూ సరిగ్గా పడుతున్నాయో లేదో అక్కడే చూసుకోండి.

వాలులో సీటు మీద కూర్చోకుండా కాస్త లేచి ఉండండి. పెడళ్లు రెండూ సమానంగా, మోకాళ్లు, మోచేతులు కొద్దిగా వంచి, ఒంటి బరువు వెనక్కి వేయండి. సీటును కాస్త దించుకుంటే ఇది సులువు. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే సైకిల్ ముందుకు తిరగబడి హ్యాండిల్ మీదుగా పడతారు. ఇలా పడినప్పుడే తల, భుజం దగ్గరి కాలరు ఎముక, మణికట్టు దెబ్బతింటాయి. రెండు బ్రేకులనూ కలిపి, వదులుతూ పడుతూ వాడండి. వేగం మలుపులోకి వెళ్లకముందే తగ్గాలి. వదులు కంకర ఉన్న చోట మలుపు మధ్యలో బ్రేకు వేస్తే చక్రం జారుతుంది.

హెల్మెట్ లేకుండా గుట్ట ఎక్కొద్దు, పిల్లల్ని ఎక్కనివ్వొద్దు. సైకిల్ హెల్మెట్ పెట్టుకుంటే తలకు గాయమయ్యే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. గడ్డం కింద పట్టీకి, చర్మానికి మధ్య ఒకటి రెండు వేళ్లే పట్టాలి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా మార్చేయాలి.

మన ఎండ, మన ముళ్లు

కర్నూలు ఎండ సంగతి మీకు తెలిసిందే. వేసవిలో 40 డిగ్రీలు దాటే రోజులెన్నో. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం వేళలు అనువైనవి. మిగతా కాలంలో తెల్లవారగానే వెళ్లి, ఎండ ముదరకముందే ఇంటికి చేరాలి. దిగేటప్పుడు గాలికి చెమట ఆరిపోయి ఒంట్లో నీరు తగ్గిన సంగతి తెలియదు. గంటకు మించి తొక్కేలా ఉంటే ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను లీటరు నీటిలో కలిపి వెంట ఉంచుకోండి. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే నీడకు చేరాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా అది వడదెబ్బ. ఒంటిని తడుపుతూ, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

బాట పక్కన సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు టైరును వదలవు. పంక్చర్ సామగ్రి, చిన్న పంపు ఉంటే ఎండలో నడిచే బాధ తప్పుతుంది. వాన పడిన మర్నాడు రేగడి నేలలోకి వెళ్లకండి. బంకమట్టి చక్రానికి, బ్రేకుకు చుట్టుకుని సైకిల్ కదలదు. పత్తి చేలల్లో పురుగుమందు కొడుతుంటే వేరే దారి పట్టండి.

కృష్ణగిరి మీదుగా హంద్రీనీవా కాలువ వెళ్తుంది. గట్టు చదునుగా కనిపిస్తుంది కదా అని అంచు వెంట పిల్లల్ని పంపకండి. నిండుగా పారే కాలువలో జారితే ఏటవాలు గట్టు పట్టుకుని పైకి రావడం ఈతగాళ్లకే కష్టం.

వీళ్లు డాక్టర్‌ను అడగాలి

గుండె జబ్బు, అధిక రక్తపోటు, ఆస్తమా ఉన్నవారు, చాలా ఏళ్లుగా వ్యాయామం లేని నలభై దాటినవారు ముందుగా డాక్టర్ సలహా తీసుకోవాలి. ఇన్సులిన్, చక్కెర తగ్గించే కొన్ని మాత్రలు వాడేవారికి శ్రమతో చక్కెర మరీ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి. తొక్కేటప్పుడు ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే అక్కడే ఆగి సాయం కోరాలి.

పడితే...

తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత, మతిమరుపు, చెవి నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెడ నొప్పి అంటుంటే మనిషిని కదపొద్దు, 108ని పిలవాలి. మట్టి పడిన గాయాన్ని పారే నీటితో, సబ్బుతో కడగాలి. టీటీ ఇంజక్షన్ వేయించుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ అవసరమేమో డాక్టర్‌ను అడగాలి. ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే హ్యాండిల్ మీద అరచేతులు ఎక్కువసేపు ఒత్తుతున్నారని అర్థం. పట్టు మారుస్తూ ఉండండి.

ఎలా మొదలుపెట్టాలి?

మొదటి రెండు వారాలు ఊరి బయట చదును మట్టిదారిలో రోజు విడిచి రోజు అరగంట తొక్కండి. మూడో వారం చిన్న ఎత్తు ఒకటి ఎంచుకోండి. అక్కడ ఎక్కడం ఒక్కసారి, దిగడం మూడుసార్లు సాధన చేయండి. సైకిల్‌ను నడిపించుకుంటూ పైకి తీసుకెళ్లి, మెల్లగా దిగండి. బ్రేకు మీద చేయి కుదిరాకే పెద్ద గుట్ట సంగతి. ఒంటరిగా వెళ్లొద్దు. ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. వాలు చూసి భయమేస్తే సైకిల్ దిగి నడిపించుకుంటూ రండి. అందులో నామోషీ ఏమీ లేదు. పిల్లలు కూడా మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు.