బొమ్మలో కారు - దుక్కిలో కారు

(తృతీయ బి.ఎస్సి., ఎం.పి.సి. విద్యార్థి)

మాది వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో కారన్నది ఏనాడూ లేదు. అలాంటివాడు పాతకాలపు కార్ల మీద వ్యాసం రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. కారణం చివర చెబుతాను. ముందు అసలు సంగతికి వస్తాను.

ఇవాళ కారు కొంటే ఇంజనూ, షాసీ, బాడీ అన్నీ కలిసే వస్తాయి. తొలిరోజుల్లో చాలా కార్లకు అలా కాదు. షాసీ ఒకరి దగ్గర కొని, బాడీ మరొకరి చేత కట్టించుకునేవారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టడం చూసినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. బాడీ విడిగా కట్టించుకోవచ్చంటే డబ్బున్నవాడి సరదాకు హద్దేముంటుంది? 1910లో కలకత్తాలో ఉండే మాథ్యూసన్ అనే దొర ఇంగ్లండులోని బ్రూక్ కంపెనీ చేత హంస ఆకారంలో కారు చేయించుకున్నాడు. దానికి పొడవాటి మెడ, ముక్కు, కళ్లలో విద్యుద్దీపాలు! వీధిలోకి రాగానే జనం విరగబడ్డారు, పోలీసులు కలగజేసుకోవలసి వచ్చింది. ఆ హంస ఇప్పుడు నెదర్లాండ్స్‌లో, హేగ్ నగరంలోని లౌమన్ మ్యూజియంలో ఉంది.

హంస బండి చూసేవాళ్ల కోసం పుట్టింది. పొలం కోసం పుట్టిన బండి ఇంకొకటి ఉంది. అది ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ 2 సి.వి. పన్ను లెక్కలో రెండు గుర్రాల బండి అని ఆ పేరుకు అర్థం. 1930ల మధ్యలో ఆ కంపెనీ పెద్ద పియెర్ బూలాంజే తన ఇంజనీర్లకు ఒక షరతు పెట్టాడు. రైతులూ, యాభై కిలోల సరుకూ ఎక్కాలి, బురద బాటలో నడవాలి, బుట్టెడు గుడ్లు పెట్టుకుని దున్నిన చేలో పోతే ఒక్క గుడ్డూ పగలకూడదు! 1939లో అమ్మకానికి రావలసిన బండి యుద్ధం వల్ల ఆగిపోయి, 1948 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో బయటపడింది. దాని రూపం చూసి ఎగతాళి చేసినవాళ్లు చాలామందే. అయినా కొనడానికి ఏళ్ల తరబడి కాచుకున్నారు. 1990లో తయారీ ఆగేనాటికి ముప్పై ఎనిమిది లక్షలకు పైగా బండ్లు రోడ్డెక్కాయి.

గుడ్లు ఎందుకు పగలవు? మన ఎద్దుబండికి స్ప్రింగులుండవు. చక్రం గోతిలో పడి లేస్తే బండి మొత్తం ఒక్క క్షణంలో ఎగిరిపడుతుంది. బలమంటే ద్రవ్యరాశిని త్వరణంతో గుణించడమేనని మనం ఇంటర్లోనే చదువుకున్నాం. గుడ్డు బరువు మారదు కాబట్టి త్వరణాన్నే తగ్గించాలి. 2 సి.వి.లో స్ప్రింగులు చాలా మెత్తన, చక్రం పైకీ కిందకీ ఆడే జాగా చాలా ఎక్కువ. అదే ఎత్తును బండి నిదానంగా లేస్తుంది, కుదుపు చచ్చిపోతుంది. పైగా ఒక్కోవైపు ముందు చక్రాన్నీ వెనుక చక్రాన్నీ కలుపుతూ అడ్డంగా పడుకోబెట్టిన స్ప్రింగులున్నాయి. ముందు చక్రం గట్టెక్కితే ఆ లాగుడు వెనక్కి అంది, వెనుక భాగమూ కాస్త లేస్తుంది. ముక్కు మాత్రమే ఎగరకుండా బండి మట్టంగా ఉంటుంది.

దాని బానెట్టు మీద గీతలు గీతలుగా ముడతలుంటాయి. అవి సోకుకు కాదు. పలచని కాగితం నిలబడదు, విసనకర్రలా మడిస్తే నిలబడుతుంది. మన పశువుల పాక మీది ముడతల రేకుదీ అదే సూత్రం. పలచని రేకుతోనే గట్టితనం వచ్చింది, బరువూ ఖర్చూ తగ్గాయి. టాపు గుడ్డది, చుట్టేస్తే ఎత్తయిన సరుకు కూడా పడుతుంది. సీట్లు ఊడదీయవచ్చు. మొదట వచ్చిన ఇంజను 375 సీసీ, తొమ్మిది గుర్రాల శక్తి మాత్రమే. గాలితోనే చల్లబడుతుంది కాబట్టి రేడియేటరూ లేదు, నీళ్లు పోసే పనీ లేదు.

ఇక బొమ్మల సంగతి. అమెరికాలో 1959 నుంచి 1971 దాకా పాంటియాక్ కార్ల ప్రకటనలకు ఇద్దరు చిత్రకారులు బొమ్మలు వేశారు. కారు వేసేది ఆర్ట్ ఫిట్జ్‌పాట్రిక్, వెనుక సముద్రాలూ, మేడలూ, మనుషులూ వేసేది వాన్ కౌఫ్‌మన్. ఎంత అందమైన బొమ్మలో చెప్పలేను! కాని అందులో కారు ఉన్నదానికన్నా వెడల్పుగా, నేలకు అంటుకుపోయినట్టు ఉంటుంది. ఫోటో అయితే ఇంత సాగదీయడం కష్టం, కుంచెకు అడ్డేముంది?

దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న ఉపాయం. పక్క నుంచి తిన్నగా వేసిన బొమ్మ తీసుకుని, స్కేలుతో బండి పొడవును చక్రం ఎత్తుతో భాగించండి. అసలు బండి కొలతలతోనూ అలాగే చేయండి. రెండు జవాబులూ కలవకపోతే బొమ్మ సాగిందన్నమాట. ఏటవాలుగా వేసిన బొమ్మకు మాత్రం ఈ లెక్క పనికిరాదు.

ఇప్పుడు నా కారణం. ఆరేళ్ల క్రితం మా నాన్న ఒక ట్రాక్టరు కాగితం చూసి మనసు పారేసుకున్నాడు. బొమ్మలో బండి నిండా బస్తాలు, పైన నీలాకాశం, కింద పొడి రోడ్డు. అప్పు చేసి కొన్నాం. మాది నల్లరేగడి. తొలకరికే చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. మా నేలకు ఆ ట్రాక్టరు తగినది కాదు. కంపెనీ అబద్ధం రాయలేదు, బొమ్మలో మా నేల లేదు, అంతే. రెండేళ్లకు సగం ధరకు అమ్మి, మిగిలిన అప్పు కింద కాలవగట్టు ఎకరం ఇచ్చేశాం. "బొమ్మ దున్నిందిరా, బండి దున్నలేదు" అంటాడు నాన్న ఇప్పటికీ. ఆయన నవ్వుతూనే అంటాడు, అమ్మ మాత్రం నవ్వదు.

మొన్న వేసవిలో మందుకొట్టే మిషను కొందామని టౌనుకు వెళ్లాం. షాపాయన రంగుల పుస్తకం చేతిలో పెట్టాడు. నాన్న అది తెరవకుండా, "మా చేలో ఓ గంట నడిపి చూపిస్తారా అండీ?" అని అడిగాడు. కుదరదన్నాడాయన. మేం బస్సెక్కి వచ్చేశాం.

మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. ఇంట్లో చదువుకున్నది మనమే కనుక, ఏదైనా కొనేముందు రంగుల కాగితం మన చేతికే ఇస్తారు. మిత్రులారా, అప్పుడు ముందు ఆ బండి ఏ నేల మీద నిలబడి ఉందో చూడండి.