వెలుపల కోట – లోపల గుహ
(వసంత్ కుంజ్ పొరుగున దాగిన ఒక ప్రాచీన గృహం)

ఢిల్లీ నగరమనగానే ఎర్రకోట, కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి మన మనోఫలకంపై మెదలుతాయి. సెలవు ప్రయాణ రాయితీపై కుటుంబ సమేతంగా రాజధానిని సందర్శించే ఉద్యోగులు సాధారణంగా వీటిని చూసి తిరుగు ప్రయాణమవుతారు. ఇవన్నీ దూరం నుండే కనిపించి రారమ్మని పిలిచే కట్టడాలు. తనలోని విశేషాన్ని లోపలే దాచుకొని, వెతుక్కుంటూ వచ్చిన వారికి మాత్రమే చూపే కట్టడం ఒకటి దక్షిణ ఢిల్లీలోని వసంత్ కుంజ్ పక్కనే ఉన్నది. దాని పేరు సుల్తాన్ గారీ.

వసంత్ కుంజ్ ఆరావళి కొండల కొసన, రాతినేలపై వెలసిన నివాస ప్రాంతం. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 1980వ దశకం నుండి ఇక్కడ వేలాది ఫ్లాట్లను నిర్మించింది. సెక్టార్లు, పాకెట్లుగా విభజించిన ఆ భవనాలు చూపరులకు ఒక్క అచ్చులో పోసినట్లు కనిపిస్తాయి. ఉద్యోగరీత్యా వివిధ రాష్ట్రాల నుండి వచ్చినవారెందరో అక్కడ కాపురముంటున్నారు. వారి ఇళ్ళకు కూతవేటు దూరంలో, చెట్లూ ముళ్ళపొదలూ పాత శిథిలాల నడుమ, సుమారు ఎనిమిది వందల సంవత్సరాల నాటి సుల్తాన్ గారీ నిలిచి ఉన్నది.

ఇది ఒక సమాధి మందిరం. ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ తన పెద్ద కుమారుడు నాసిరుద్దీన్ మహమూద్ కోసం 1231లో దీనిని కట్టించాడు. తండ్రి తరువాత సింహాసనం అధిష్ఠించగలవాడని పేరు పొందిన ఆ రాజకుమారుడు బెంగాల్ పాలకుడిగా ఉండగా 1229లో మరణించాడు. 1236లో తండ్రి కూడా కన్నుమూశాడు. మరొక కుమారుడు కొద్ది నెలలు మాత్రమే ఏలగా, అదే సంవత్సరం కుమార్తె రజియా సింహాసనమెక్కింది. నాసిరుద్దీన్ జీవించి ఉంటే రజియా సుల్తానా పేరు మన పాఠ్యపుస్తకాలలోకి ఎక్కేదో లేదో! ఒక తండ్రికి కలిగిన పుత్రశోకం చరిత్ర గతినే మార్చిందనుకుంటే, ఈ రాతి కట్టడాన్ని చూసే చూపు కూడా మారుతుంది.

దూరం నుండి చూస్తే ఇది సమాధి అని ఎవరికీ తోచదు. ఎత్తైన అరుగుపై నాలుగు వైపులా గట్టి రాతి గోడలు, నాలుగు మూలలా గుండ్రని బురుజులు, తూర్పున ముందుకు పొడుచుకు వచ్చిన సింహద్వారం - ఇదంతా ఒక చిన్న కోటను తలపిస్తుంది. మెట్లెక్కి, అరబ్బీ శాసనమున్న పాలరాతి ద్వారం దాటి లోపలికి అడుగుపెడితే ఆకాశం కనిపించే విశాలమైన ప్రాంగణం ఎదురవుతుంది. తూర్పు, పడమరలలో స్తంభాల వసారాలు ఉన్నాయి. పడమటి వసారాలో ప్రార్థనకు దిక్కు చూపే పాలరాతి మిహ్రాబ్ ఉన్నది. ఈ నిర్మాణంలో పూర్వపు హిందూ ఆలయాల స్తంభాలు, దూలాలు కూడా వాడారని పురావస్తు శాస్త్రజ్ఞులు గుర్తించారు.

సమాధి ఎక్కడ అని సందర్శకుడు చుట్టూ చూస్తాడు. ప్రాంగణం మధ్యలో అష్టకోణాకృతిలో ఒక రాతి వేదిక కనిపిస్తుంది. నిజానికి అది వేదిక కాదు, నేల అడుగున ఉన్న గది పైకప్పు! ఇరుకైన నిటారు మెట్ల మీదుగా ఆ చీకటి గదిలోకి దిగాలి. రాతి స్తంభాలు, దూలాలపై దళసరి సున్నపు కాంక్రీటు కప్పు నిలిచి ఉన్నది. 'గార్' అనగా గుహ. అందుకే ఇది గుహలోని సుల్తాను సమాధి. దీనినే కొందరు 'సుల్తాన్ గఢీ' అని కూడా పిలుస్తారు. గఢీ అంటే చిన్నకోట. మన తెలంగాణ పల్లెలలోని దొరల 'గడీ' కూడా ఈ మాటే. వెలుపలి నుండి చూసినవారు గఢీ అన్నారు, లోపలికి దిగినవారు గారీ అన్నారు. రెండు పేర్లూ సార్థకమే.

భారతదేశంలో నేటికీ నిలిచి ఉన్న ముస్లిం రాజసమాధి భవనాలలో ఇదే మొదటిదని చరిత్రకారులు పరిగణిస్తారు. దాదాపు నాలుగు శతాబ్దాల తరువాత, 1632లో, తాజ్‌మహల్ నిర్మాణం మొదలైంది. అక్కడ శోకం ఆకాశాన్నంటే గుమ్మటమైతే, ఇక్కడ నేల పొరలలో దాగిన గది అయింది. పదునాలుగవ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ దీనికి మరమ్మతులు చేయించాడు. నేడిది భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్నది. గురువారాలలో చుట్టుపక్కల గ్రామాల హిందువులు, ముస్లింలు ఇక్కడికి వచ్చి దీపాలు, అగరువత్తులు వెలిగిస్తారు.

వెలుపల నిరాడంబరంగా ఉండి, తన సొగసును లోపల దాచుకునే ఈ పద్ధతి మన తెలుగువారికి కొత్తది కాదు. గోదావరి, కృష్ణా మండలాలలోని మండువా లోగిళ్ళను తలచుకోండి. వీధి నుండి చూసేవారికి అరుగు, గోడ, తలుపు మాత్రమే కనిపిస్తాయి. గడప దాటితే నాలుగు వైపులా లోపలికి వాలిన పెంకుల కప్పు, నగిషీల టేకు స్తంభాలు, నడుమ ఆకాశాన్ని చూపే మండువా ఉంటాయి. వానకాలంలో నాలుగు చూరుల నీరు మండువాలోకి దిగి తూము గుండా వెలుపలికి పోతుంది. వేసవిలో వేడిగాలి ఆ ఖాళీ గుండా పైకి లేచిపోయి గదులు చల్లబడతాయి. బియ్యం చెరుగుట మొదలు పెళ్ళి వరకు ఎన్నో పనులకు ఆ చోటే వేదిక. ఇక నేల అడుగు ఉపయోగమూ మన రైతులకు తెలిసినదే. జొన్నలు నిల్వచేసిన పాతరలే ఇందుకు సాక్ష్యం.

సుల్తాన్ గారీని దాని మరుగు కొంతవరకు కాపాడింది, కానీ ఆ మరుగే దానిని మరపున కూడా పడవేసింది. అయినా దానికి చట్టపు రక్షణ ఉన్నది. మన మండువా ఇళ్ళలో అధిక భాగానికి ఆ అండ లేదు. అన్నదమ్ముల పంపకాలతోనూ, మరమ్మతులకు తగిన పనివారు దొరకకనూ అవి ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. టేకు స్తంభాలు కలప వ్యాపారుల కొట్లకు చేరుతున్నాయి.

ఢిల్లీలో పనిచేస్తున్న ఉద్యోగ మిత్రులు ఒక ఆదివారం ఉదయం పిల్లలతో సుల్తాన్ గారీకి వెళ్ళిరావలసిందిగా కోరుతున్నాము. చిన్న టార్చిలైటు వెంట ఉంచుకుంటే మంచిది. స్వగ్రామంలో మండువా ఇల్లున్నవారు మరొక పని కూడా చేయవచ్చు. ఈసారి సెలవుకు వెళ్ళినప్పుడు పెద్దలను కూర్చోబెట్టి, ఏ గది దేనికి వాడేవారో అడిగి వ్రాసుకొని, ఆ ఇంటి పటం కాగితంపై గీసి, నాలుగు ఛాయాచిత్రాలు తీసి దాచండి. ఇల్లు నిలవకపోయినా, అందులో బ్రతికిన తీరు మన పిల్లలకు అందుతుంది.