కుండీలో రేగుచెట్టు: అమీర్‌పేట డాబా మీద బోన్సాయ్

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు నేర్చుకుని విదేశాలకు వెళ్లిన మనవాళ్లు ఎందరో. చలిదేశాల్లో ప్లమ్ బోన్సాయ్ అందం చూసి, అలాంటిదే ఇక్కడ అమ్మానాన్నల డాబా మీదా పెంచాలని ఆశపడేవారి కోసం ఈ వ్యాసం. ఆశ మంచిదే, చెట్టును మాత్రం మార్చుకోవాలి.

ప్లమ్‌కు చలి ఆహారమంత అవసరం. ఆకు రాల్చాక చాలా రకాలకు 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగిలితేనే మొగ్గ సరిగా విచ్చుకుంటుంది. హైదరాబాదులో జనవరి రాత్రులు కూడా సగటున 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. వేసవి చివర పంజగుట్ట తోపుడు బళ్ల మీదికి వచ్చే ఆల్‌బుకరా (ప్లమ్) పండ్లు హిమాచల్, కాశ్మీర్ వంటి చలి ప్రాంతాలవి. వాటి గింజ ఇక్కడ మొలిచినా పూత చూడటం కష్టం.

ఈ ఎండకు తగిన చెట్టు రేగు. చిన్న ఆకు, గరుకు బెరడు, వంకర తిరిగే కొమ్మలు బోన్సాయ్‌కి బాగా నప్పుతాయి. వేసవిలో ఆకు రాల్చి, తొలకరికి చిగురించి, వానాకాలం చివర పూసి, సంక్రాంతి వేళకు పండుతుంది. భోగినాడు పిల్లల తల మీద పోసే పండ్లలో నాలుగైనా మన కుండీవే కావచ్చు.

నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో జరిగే నర్సరీ మేళాలోనో, దగ్గరి నర్సరీలోనో అంటుమొక్క తీసుకోండి. గింజ మొక్క కన్నా అంటు త్వరగా కాపుకొస్తుంది. జల్లించి దుమ్ము తీసేసిన ఎర్రమట్టి, దొడ్డు ఇసుక, వర్మీకంపోస్టు, చిన్న ఇటుక ముక్కలు కలిపితే నీరు నిలవదు. రేగుకు తల్లివేరు లోతుగా దిగుతుంది. దాన్ని ఒక్కసారే తెగనరకకుండా, తొలకరిలో కుండీ మార్చినప్పుడల్లా కొంత కొంత తగ్గించాలి. కొమ్మ వంచడానికి చుట్టిన అల్యూమినియం తీగను బెరడులోకి దిగకముందే విప్పేయాలి.

భవనాలు ఒకదానికొకటి ఆనుకున్న అమీర్‌పేట సందుల్లో బాల్కనీకి ఎండ చాలదు. రోజుకు 5, 6 గంటల ఎండ పడే డాబాయే మేలు. మే నెలలో కుండీ మట్టి త్వరగా ఆరిపోతుంది కాబట్టి పొద్దునా సాయంత్రమూ తడి చూసి నీరు పోయాలి. బోరు నీటి ఉప్పు మట్టి మీద తెల్లగా పేరుకుంటే, వాననీరు పట్టి వాడండి. రోడ్డు దుమ్ము పట్టిన ఆకులను వారానికోసారి కడగండి. చలికాలంలో బూడిద తెగులు వస్తే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి చల్లండి.

కత్తిరింపు వేళలో రెండు చెట్లకూ తేడా ఉంది. రేగు ఆ ఏడు వచ్చిన కొత్త రెమ్మ మీద పూస్తుంది కాబట్టి వేసవిలో ఆకు రాల్చినప్పుడు గట్టిగా కత్తిరించాలి. జపాన్‌వారి ఉమే ప్లమ్ నిరుటి రెమ్మ మీద పూస్తుంది, అందుకే పూత అయిన వెంటనే కత్తిరించాలి. శరదృతువులో కత్తెర పెడితే రాబోయే పూతే పోతుంది.

అబ్బూరి ఛాయాదేవి ‘బోన్సాయ్ బ్రతుకు’ కథ చదివినవారికి బోన్సాయ్ అనగానే ఎదగనివ్వని బతుకు గుర్తొస్తుంది. ఆడపిల్లల పెంపకం గురించి ఆమె అడిగిన ప్రశ్నకు విలువ నేటికీ తగ్గలేదు. చెట్టు వరకు చెప్పాలంటే, కడుపు మాడ్చి పొట్టి చేయడం బోన్సాయ్ కాదు. పోషణ నిండుగా ఇస్తూ వేరునూ కొమ్మనూ సమంగా తగ్గించడమే ఆ విద్య.

చలిదేశాల్లో ఉన్నవారు ప్లమ్‌నే పెంచండి. దాన్ని చలికాలంలో హీటరున్న గదిలో పెట్టకుండా ఆరుబయటే ఉంచి, కుండీ వేర్లకు మాత్రం ఎండుటాకులు కప్పండి. అక్కడ రేగు పెంచితే మంచు పడకముందే లోపలికి తెచ్చుకోండి. ఈసారి హైదరాబాదు వచ్చినప్పుడు అమ్మానాన్నలకు ఒక రేగు అంటు కొనిచ్చి, మొదటి కత్తిరింపు వాళ్ల పక్కనే కూర్చుని చేయండి.