యంత్ర చోదకుల మానసిక పనిభారం – మానవ తప్పిదాలు

వరికోత యంత్ర చోదకుడు కోత బల్ల ఎత్తు, రీలు వేగం, ఇంజను ధ్వని, గింజల పెట్టె నిండిన తీరు, ముందున్న గట్టు, పైనున్న విద్యుత్ తీగ – వీటన్నింటినీ ఏకకాలంలో గమనించవలసి ఉంటుంది. కోతల కాలంలో ఈ పని రాత్రి వేళ కూడా సాగుతుంది. శరీరం కూర్చొనే ఉన్నా మనస్సుకు విరామం ఉండదు. ప్రమాదం జరిగినప్పుడు మాత్రం ‘చోదకుని అజాగ్రత్త’ అనే ఒక్క మాటతో విచారణ ముగుస్తుంది. ఆ మాట కారణాన్ని తెలుపదు. మరో ప్రమాదాన్ని నివారించదు.

మానసిక పనిభారం

ఒక పనికి కావలసిన ఏకాగ్రత, జ్ఞాపకం, నిర్ణయశక్తి ఆ సమయంలో మనిషికున్న సామర్థ్యాన్ని మించినప్పుడు తప్పిదాలు పెరుగుతాయి. భారం మరీ తగ్గినా ప్రమాదమే. గడియారపు ముల్లు కదలికను గమనించే వారిపై 1948లో మాక్‌వర్త్ ప్రచురించిన ప్రయోగాలలో, మొదటి అరగంట దాటేసరికే అప్రమత్తత తగ్గినట్లు వెల్లడైంది. మిల్లులలో గంటల తరబడి సూచికలను చూస్తూ కూర్చునే వారికీ ఇది వర్తిస్తుంది.

తప్పిదాలలో భేదాలు

జేమ్స్ రీజన్ 1990లో వెలువరించిన గ్రంథంలో తప్పిదాలను విభజించి చూపారు. నూర్పిడి యంత్రం వద్ద ఒక లివరుకు బదులు పక్కదానిని లాగడం చేతి పొరపాటు. అడ్డుపడిన గడ్డిని తీసిన తరువాత రక్షణ కవచాన్ని బిగించకపోవడం మరపు. స్విచ్ ఆపగానే డ్రమ్ము నిలిచిపోయిందని భావించి చేయి పెట్టడం నిర్ణయ దోషం. పని త్వరగా ముగియాలని తెలిసే కవచం లేకుండా నడపడం నియమోల్లంఘన. మొదటిదానికి లివర్ల ఆకృతి మార్చడం, రెండవదానికి కవచం లేనిదే యంత్రం కదలని ఏర్పాటు, మూడవదానికి శిక్షణ, నాల్గవదానికి పని ఒత్తిడి తగ్గించడం తగిన పరిష్కారాలు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బి-17 విమానాల పైలట్లు కొందరు నేలపై దిగిన తరువాత రెక్కల ఫ్లాపులకు బదులు చక్రాలను ముడిచేవారు. రెండు మీటలూ ఒకే రూపంలో పక్కపక్కనే ఉండటమే కారణమని ఆల్ఫాన్స్ చపానిస్ గుర్తించారు. ఒకదానికి చక్రం ఆకారపు పిడి, మరొకదానికి చీల ఆకారపు పిడి అమర్చి, చేతికే తేడా తెలిసేలా చేశారు.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

మానసిక పనిభారాన్ని కొలవడానికి హార్ట్, స్టేవ్‌ల్యాండ్ 1988లో ప్రచురించిన నాసా-టిఎల్ఎక్స్ పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. మానసిక శ్రమ, శారీరక శ్రమ, సమయపు ఒత్తిడి, పని ఫలితం, ప్రయత్నం, విసుగు అనే ఆరు అంశాలపై చోదకుడే తన అంచనా తెలుపుతాడు. దీనికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ప్రశ్నలను చోదకుని వాడుక భాషలో, పని ముగిసిన వెంటనే, యజమాని ఎదుట కాకుండా అడగాలి.

నూర్పిడి యంత్రాల వంటి వాటి తయారీ, వినియోగాలను నియంత్రించేందుకు ప్రమాదకర యంత్రాల చట్టం 1983లోనే వచ్చింది. అయితే చట్టం కోరే కవచం చోదకుని అలసటను తొలగించలేదు. యంత్ర ప్రదర్శనలో ఎకరాకు పట్టే సమయం, ఇంధన ఖర్చులతోపాటు చోదకుని పనిభారాన్నీ నమోదు చేయాలి. చోదకులను వంతులవారీగా మార్చడం, రాత్రి పనికి వెలుతురు, విరామం కల్పించడం గురించి యజమానులకు సూచించాలి. మనిషి పొరపడినా ప్రాణం పోని విధంగా యంత్రాన్ని, పనిని తీర్చిదిద్దడమే అసలైన భద్రత.